గిన్నె తిరగేసి చూశాక

2022 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున కోపెన్‌హాగెన్‌లో నేనొక పెద్దావిడని మోసం చేశాను. మోసం అన్న మాట రాయడానికి చాలా రోజులు వెనకాడాను. అబద్ధమాడలేదు. దొంగతనం చెయ్యలేదు. ఆవిడ చెప్పిన ధరకి అయిదు క్రోనర్లు తగ్గించి కొన్నానంతే. ఇంతకన్నా మెత్తటి మాట దొరికితే అదే వాడదామనుకున్నాను. దొరకలేదు.

అప్పటికి ఫెలోషిప్ మీద ఆ ఊరెళ్ళి ఏడాది కావస్తోంది. వేసవి వచ్చిందంటే అక్కడ ఒక్కో వారం ఒక్కో వీధి వాళ్ళు ఇంట్లో పాత సామానంతా తెచ్చి బయట బల్లల మీద పెట్టి అమ్ముకుంటారు. పుస్తకాలు, పిల్లల బూట్లు, దీపాలు, కప్పులు, సాసర్లు. నేను మట్టి పాత్రల కోసం వెళ్ళేదాన్ని. 1940ల నుంచి 60ల దాకా డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో తయారైన స్టోన్‌వేర్ గిన్నెలూ కూజాలూ నాకొక పిచ్చిగా పట్టుకున్నాయి. లైబ్రరీలో గడపాల్సిన గంటలు కొన్ని వేలంపాటల కేటలాగుల ముందు గడిచిపోయాయని ఒప్పుకోవాలి.

ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. మడతకుర్చీలో కూర్చుని ఉంది. బల్ల మీద చిన్న గిన్నె, దాని నిండా గుండీలు. గిన్నె బయటంతా ముదురు గోధుమరంగు, అంచు దగ్గర లోపలికి తొంగిచూస్తే పాచి పట్టిన చెరువునీటి రంగు. "మా అమ్మ గుండీల గిన్నె" అంది ఇంగ్లీషులో. నేనడగ్గానే గుండీలన్నీ కాగితం సంచిలోకి ఒంపి గిన్నె చేతికిచ్చింది. తిరగేశాను. అడుగున సాక్స్‌బో, డెన్మార్క్ అని ముద్ర. పక్కన ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు చేపల్లా ఉండే చైనావాళ్ళ యిన్ యాంగ్ గుర్తులాంటిది. ఆ కిందే, మట్టి ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు గీసిన ఇ.ఎస్‌టి.ఎన్. అన్న అక్షరాలు. ఏవా స్టేర్-నీల్సన్.

గుండె దడదడలాడింది. ముఖంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. అది వెయ్యి క్రోనర్లకి తక్కువ పలకదని నాకు తెలుసు. ఎంత అన్నాను. ముప్ఫై అంది. "ఇరవై అయిదుకి ఇస్తారా?" అన్నాను. అయిదు క్రోనర్లు మిగుల్చుకోవాలని కాదు. బేరమాడకపోతే అనుమానం వస్తుందేమోనని. ఆవిడ నవ్వి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చింది. వీధి చివర దాకా వెనక్కి తిరక్కుండా నడిచాను.

స్టోన్‌వేర్ అంటే మనకి తెలియనిదేం కాదు. మన ఆవకాయ జాడీ స్టోన్‌వేరే. మామూలు కుండ కాలే వేడి చాలదు దీనికి. 1200 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాక మట్టిలో కొంత భాగం కరిగి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక నీళ్ళు పీల్చదు. ఉప్పూ నూనే పులుపూ ఏడాది నిలవున్నా గోడలోకి దిగవు. పైన మెరిసే గ్లేజు నిజానికి మట్టి మీద కరిగిన గాజు. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, సున్నం, కాస్త ఇనుము. ఆ ఇనుము నూటికి ఒకటో రెండో పాళ్ళుండి, బట్టీలోకి వెళ్ళే గాలి తగ్గిస్తే బూడిద కలిసిన ఆకుపచ్చ వస్తుంది. అదే పది పాళ్ళ దాకా పోతే నలుపూ తేనెరంగూ. చైనాలో సోంగ్ రాజుల కాలం నాటి కుమ్మరులు చేతి అనుభవంతో పట్టుకున్న రంగులివి. ఇరవయ్యో శతాబ్దంలో స్కాండినేవియా వాళ్ళు వీటిని మళ్ళీ వెతుక్కుంటూ బయల్దేరారు.

అలా బయల్దేరిన వాళ్ళలో నతాలీ క్రెబ్స్ (1895–1978) ఒకరు. ఆవిడ చదివింది శిల్పమో చిత్రలేఖనమో కాదు, కెమికల్ ఇంజనీరింగు. బింగ్ అండ్ గ్రోండాల్ అనే పెద్ద పింగాణీ కంపెనీలో పనిచేసి బయటికొచ్చి, 1930లో కోపెన్‌హాగెన్ శివార్లలో సాక్స్‌బో మొదలుపెట్టింది. 1932లో ఏవా స్టేర్-నీల్సన్ (1911–1976) వచ్చి చేరింది. గిన్నె ఆకారం ఏవాది, గ్లేజు నతాలీది. 1968లో మూతపడే దాకా ముప్ఫై ఆరేళ్ళు ఆ ఇద్దరాడవాళ్ళు కలిసి పనిచేశారు. ఆ పాత్రల మీద బొమ్మలుండవు, పూలుండవు. కడుపు ఎక్కడ ఉబ్బాలో మెడ ఎక్కడ సన్నబడాలో తెలిసిన ఆకారం, దాని మీద తడిసిన రాయిలాంటి రంగు. అంతే.

ఈ కథ తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇద్దరు స్త్రీలు, ఒకరు సైంటిస్టు ఒకరు కళాకారిణి, సొంత కార్ఖానా! స్త్రీవాద పరిశోధకురాలికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ కొన్నాళ్ళకి ఒక సంగతి గుచ్చుకోవడం మొదలైంది. గిన్నె అడుగున గీసిన సంతకం ఏవాది. నతాలీ పేరు లేదు. ఆవిడ సాక్స్‌బో అన్న ముద్ర వెనక ఉంది. గిన్నెని చూడగానే మనల్ని ఆపేది ఆవిడ చేసిన గ్లేజే, అయినా రసాయనశాస్త్రానికి సంతకం ఉండదు. 1930ల మొదట్లో ఆక్సెల్ సాల్తో అనే చిత్రకారుడు కూడా కొన్నాళ్ళు సాక్స్‌బోలో పనిచేశాడు. తర్వాత రాయల్ కోపెన్‌హాగెన్‌కి వెళ్ళి చాలా పెద్దవాడయ్యాడు. ఆయన పెద్ద కూజాలు ఇవాళ వేలంలో లక్ష డాలర్లు దాటి పోతున్నాయి. సాక్స్‌బో గిన్నెలు ఇంకా వంటింటి సామాన్ల దగ్గరే ఆగిపోయాయి. నాలాంటివాళ్ళు కొనగలిగేది అందుకే. నా ఇష్టానికి ఆ తేడా ఉపయోగపడిందన్న సంగతి చాలా రోజులు ఆలోచించలేదు.

ఇక మట్టి పిసికినవాళ్ళు, బట్టీ దగ్గర రాత్రుళ్ళు కాపలా కూర్చున్నవాళ్ళ మాటే లేదు. ఫిన్లాండ్‌లో అరబియా అనే ఫ్యాక్టరీ ఉండేది. ఉల్లా ప్రొకోపే అక్కడ రూపమిచ్చిన వలెన్సియా అనే నీలంరంగు సెట్టుని చేత్తో రంగులేసేవాళ్ళు. ఒక్కో పళ్ళెం అడుగున ఆ రంగులేసిన మనిషి పొడి అక్షరాలు, రెండో మూడో, కనిపిస్తాయి. అంతవరకూ నయమే అనుకుంటాం. ఆ అక్షరాలు గౌరవం కోసం పెట్టారో, పని లెక్క కట్టడానికి పెట్టారో మరి.

గిన్నెని హైదరాబాదు తెచ్చాక అమ్మ దాన్ని తిరగేసి, "ఎవరిచ్చారే ఇది? ఏం పేరిది?" అంది. మొదట నాకర్థం కాలేదు. మన ఇళ్ళల్లో గిన్నె మీద పేరంటే ఇచ్చినవాళ్ళ పేరు, లేదా ఇంటి యజమాని పేరు. అమ్మ పెళ్ళి బిందెల మీద తాతయ్య పేరుంది. అత్తయ్య ఇచ్చిన స్టీలు డబ్బా మీద మావయ్య పేరుంది. ఆ డబ్బాలో పప్పు పోసి తీసిన అత్తయ్య పేరు దాని మీద ఎక్కడా లేదు. తయారుచేసినవాళ్ళ పేరు ఉండాలన్న ఆలోచనే మనకి రాలేదు. జాడీ చేసిన చేతులెవరివో ఏ ఇంట్లోనైనా ఎవరైనా అడిగారా? "ఇది చేసినావిడ పేరమ్మా" అన్నాను. అమ్మ కాసేపు గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతకి కొన్నావ్?" అంది. చెప్పాను. "బాగా కొట్టేశావ్" అంది మెచ్చుకోలుగా.

కొట్టేశావ్ అన్న మాటకి మన భాషలో రెండర్థాలూ ఉన్నాయి కదా.

రెండు వేల ఏళ్ళ కిందట, క్రీస్తుపూర్వం 44లో, సిసిరో ఏథెన్సులో చదువుకుంటున్న కొడుక్కి విధుల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో సరిగ్గా నా కేసే ఉంది. ఒకడు తన దగ్గరున్నది ఇత్తడి అనుకుని బంగారాన్ని అమ్ముతున్నాడు. కొనేవాడు సత్పురుషుడు, అది బంగారమని గుర్తుపట్టాడు. చెప్పాలా? లేక వెయ్యి నాణేల వస్తువుని ఒక్క నాణేనికి తీసుకుని వెళ్ళిపోవచ్చా? ఇలాంటి బేరసారాల ప్రశ్నల మీద స్టోయిక్ తత్వవేత్తలు డయోజెనీస్, ఆంటిపేటర్ వాదించుకున్నారట. చట్టం అడిగినంత చెబితే చాలు, తెలిసిందంతా చెప్పక్కర్లేదని డయోజెనీస్. ఎదుటివాడికి తెలియకపోవడాన్ని వాడుకోవడమే తప్పని ఆంటిపేటర్. నా పక్షమేదో నీకీపాటికి తెలిసే ఉంటుంది అన్న ధోరణిలో సిసిరో ముందుకి వెళ్ళిపోతాడు. ఇక్కడ అమ్మేవాడూ పురుషుడే, కొనేవాడూ పురుషుడే, సత్పురుషుడన్న మాటలో ఎలాగూ పురుషుడే. ఆ బంగారు చెంబు ఎవరి పెళ్ళిలో వచ్చిందో, ఇత్తడనుకుని దాన్ని రోజూ తోమింది ఎవరో ఆ ముగ్గురికీ అక్కర్లేకపోయింది.

అయినా సిసిరోతో నాకు ఇంకో పేచీ ఉంది. బంగారం విలువ బంగారంలోనే ఉంటుందని ఆయన నమ్మకం. నా గిన్నె సంగతి అలా కాదు. ఇవాళ ఊళ్ళో సాక్స్‌బో తెలిసినవాళ్ళెవరూ లేకపోతే అది గుండీల గిన్నే. వెయ్యి క్రోనర్ల విలువ మట్టిలో లేదు, గ్లేజులో లేదు. మ్యూజియాలూ, కేటలాగులూ, నాలాంటి పిచ్చివాళ్ళూ కలిసి తయారుచేసినది. అలాంటప్పుడు ఆ విలువని నేనే నా వెంట తీసుకెళ్ళానని ఎందుకనుకోకూడదు? గుర్తుపట్టడం కూడా శ్రమే. నేను రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్నది. దాని కూలి నేను తీసుకున్నాను.

చాలా నెలలు ఈ వాదనతో హాయిగా గడిపాను. దీనికి తోడు ఇంకొన్ని. ఆవిడకి పెన్షనుంది, నాది ఫెలోషిప్పు. డెన్మార్క్ వాళ్ళు 1620 నుంచి 1845 దాకా మన పక్కనే తరంగంబాడిలో కోట కట్టుకుని వ్యాపారం చేశారు, ఎంత పట్టుకుపోయారో, ఒక్క గిన్నె నేను తెచ్చుకుంటే ఏం? ఈ చివరిది నేను పైకి అని నవ్వించిన మాట కూడా. స్నేహితురాళ్ళు నవ్వారు. మడతకుర్చీలో కూర్చున్న ఆవిడేం తరంగంబాడి గవర్నరు కాదు.

అన్నిటికన్నా గట్టి వాదన: రక్షించాను. నేను కొనకపోతే గుండీలతో అరిగి, పగిలి, చెత్తలోకి పోయేది. కలెక్టర్లందరూ ఇదే అంటారు. వాల్టర్ బెంజమిన్ 1931లో తన పుస్తకాల పెట్టెలు విప్పుతూ రాసిన వ్యాసంలో సేకరించేవాడి ప్రేమని అంత అందంగా చెప్పినవాళ్ళు లేరు. అదే వ్యాసంలో, వేలంలో తను పాడితే పక్కవాడు పెంచేస్తున్నాడని గ్రహించి, కావలసిన పుస్తకానికి నోరు మెదపకుండా కూర్చుని, అది అమ్ముడుపోకుండా మిగిలాక తర్వాత చేజిక్కించుకున్న సంగతి ఉత్సాహంగా చెప్పుకుంటాడు. మా జాతి ముఖాలన్నీ ఒకటే, ఏమీ కనపడనివ్వవు. వ్యాసం చివరికొచ్చేసరికి మాత్రం, తన పిల్లల పుస్తకాల సేకరణకి మొదలు తన తల్లి చిన్నప్పుడు బొమ్మలంటించిన రెండు ఆల్బములు అని ఒప్పుకుంటాడు. అన్ని పెట్టెల పుస్తకాల్లో అవి రెండూ బేరమాడకుండా వచ్చినవి.

ఎవర్నుంచి రక్షించాను? ఎలెన్ కీ అనే స్వీడిష్ స్త్రీవాద రచయిత్రి 1899లో 'అందరికీ అందం' అనే పుస్తకం తెచ్చింది. కూలివాళ్ళ ఇళ్ళల్లో కూడా రోజూ చేత్తో పట్టుకునే వస్తువు అందంగా ఉండాలన్నది ఆవిడ పట్టు. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళ స్కాండినేవియన్ డిజైనంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. 1917లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రదర్శన కోసం గుస్తావ్స్‌బెర్గ్ ఫ్యాక్టరీ నుంచి విల్‌హెల్మ్ కోగె కార్మికుల కోసమంటూ నీలం పూల పళ్ళేల సెట్టు తయారుచేశాడు. కార్మికులు పెద్దగా కొనలేదు, మధ్యతరగతి వాళ్ళు ముచ్చటపడి కొనుక్కున్నారు. ఈ కథ ఎప్పుడు చెప్పినా నేను వెటకారంగానే చెబుతాను. కానీ ఆ పెద్దావిడ తల్లి ఉంది చూడండి. ఎప్పుడో ఒక సాక్స్‌బో గిన్నె కొనుక్కుందో, ఎవరైనా ఇచ్చారో. గుండీలు వేసుకుంది. చొక్కా గుండీ ఊడిన ప్రతిసారీ దాంట్లో చెయ్యి పెట్టింది. అంచు మీద చిన్న పెచ్చు కూడా లేకుండా కూతురికిచ్చింది. ఎలెన్ కీ కోరుకున్న చోటే ఉంది ఆ గిన్నె. అక్కణ్ణించి తీసి అద్దాల బీరువాలో పెట్టింది నేను. దాన్ని అన్నేళ్ళు పగలకుండా కాపాడిన చేతుల శ్రమకి నేనేం లెక్క కట్టాను?

ఇదంతా ఒక గిన్నె గురించే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

2014లో పిహెచ్‌డి కోసం, పేరు పెట్టుకోకుండా రాసిన స్త్రీల రాతల కోసం తిరుగుతూ కోనసీమలో ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి మామ్మగారు అటక మీంచి ఒక పొడుగాటి పద్దుల పుస్తకం తీయించారు. "మా అత్తగారి లెక్కలమ్మాయ్. ఎలకలు కొట్టేసినై. నీకెందుకు పనికొస్తుందో" అన్నారు. ముందు నుంచి తిరగేస్తే పాల లెక్క, చాకలి పద్దు, కొబ్బరికాయల దింపు కూలి. వెనక నుంచి తిరగేస్తే పాటలు, ఆనాటి స్త్రీల పత్రికల్లో 'ఒక సోదరి' పేరుతో నేను చూసిన రెండు వ్యాసాల చిత్తుప్రతులు. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో సహా. నా కాళ్ళు వణికాయి. పైకి మాత్రం ఏమన్నానంటే, "ఊరికే పాత లెక్కలేనండి మామ్మగారూ. ఒకసారి చూసుకుని ఇచ్చేస్తాను."

ఊరికే. పాత లెక్కలే. కోపెన్‌హాగెన్ బల్ల దగ్గర ఇరవై అయిదుకి ఇస్తారా అని నేననలేదు, నాలో ఎనిమిదేళ్ళ కిందటే అలవాటు పడిన గొంతు అంది.

ఒకసారి చూసుకోవడం అయిదేళ్ళు పట్టింది. నా థీసిస్ మూడో అధ్యాయం మొత్తం ఆ పుస్తకం మీదే. దాని మీద సెమినార్లలో మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చీకట్లోంచి ఒక స్త్రీ గొంతుని బయటికి తెచ్చానని నా గురించి ఎవరో అంటే కాదనలేదు. 2019లో పుస్తకం తిరిగివ్వడానికి వెళ్ళేసరికి మామ్మగారు లేరు. మనవరాలికిచ్చి, ఇందులో ఏముందో, దీనివల్ల ఏం తెలిసిందో గంటసేపు చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "ఇంతుందా ఇందులో! అయితే దీనికి ఎంతొస్తుందక్కా?" అంది.

నాకు మనసు చివుక్కుమంది. బస్సులో తిరిగొస్తూ, డబ్బు తప్ప ఏమీ పట్టని తరం అనుకున్నాను కూడా. డాక్టరేటు, దాంతో వచ్చిన ఫెలోషిప్పు, విమానం టిక్కెట్టు, ఇవన్నీ ఆ పద్దుల పుస్తకానికి నాకొచ్చిన ధర అని అప్పుడు తట్టలేదు. ఆ అమ్మాయి అడిగింది నేను అప్పటికే వసూలు చేసుకున్న దాని గురించే.

ఇందులో నేను తేల్చుకోలేకపోతున్నది ఒకటుంది. పేరు తెలుసుకోవడం మంచిదని నేనిప్పటికీ నమ్ముతాను. ఏవా పేరు, నతాలీ పేరు, ఆ అత్తగారి పేరు. పేరు లేని గిన్నెల, రాతల చరిత్రంతా ఎవరికి లాభించిందో మనకి తెలుసు. కానీ పేరు బయటపడిన క్షణంలోనే ధర కూడా పుడుతోంది. ఆ ధర పేరుగల మనిషికి అందదు, దాచిన మనిషికి అందదు, పేరు చదవగలిగిన మనిషికి అందుతోంది. చదవడం మానెయ్యలేం. ఆ రోజు బల్ల దగ్గర నేను చెయ్యగలిగినది చాలా చిన్నది. "ఇది సాక్స్‌బో అండీ, మీ అమ్మగారి గిన్నెకి వెయ్యి క్రోనర్లొస్తాయి" అనడం. అప్పుడావిడ అమ్మకపోవచ్చు. గుండీలు తిరిగి దాంట్లో పోసుకుని ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు. నేను భయపడింది వెయ్యి క్రోనర్లు ఇవ్వాల్సి వస్తుందని కాదు. ఆవిడకి అది ఇష్టమైపోతుందేమోనని.

2023 జూన్‌లో, ఇండియా వచ్చెయ్యడానికి రెండు నెలల ముందు, అదే వీధిలో మళ్ళీ సంత పెట్టారు. ఒక కవర్లో ఎనిమిది వందల క్రోనర్లు పెట్టుకుని వెళ్ళాను. గిన్నె తీసుకెళ్ళలేదని గమనించే ఉంటారు. ఆ ఇంటి ముందు బల్ల దగ్గర ఒక కుర్రాడున్నాడు. మనవడేమో. నానమ్మ గురించి అడిగితే, చలికాలంలో వృద్ధుల హోముకి మారిందని, బాగానే ఉందని చెప్పాడు. ఏదైనా చెప్పాలా అన్నాడు. ఏం లేదు, కిందటేడు ఒక గిన్నె కొన్నాను, బాగుంది అని చెప్పమన్నాను. హోము ఎక్కడో అడగలేదు.

కవరు తెరవలేదు చాలా రోజులు. వెళ్ళిపోయే ముందు వారం పాత సామాన్ల షాపులో పాల్స్‌హుస్ వాళ్ళ చిన్న కూజా కనపడింది, కుందేలు బొచ్చులాంటి సన్నటి చారల గ్లేజుతో. షాపాయనకి అన్నీ తెలుసు. ఏ ఏడాదో, ఎవరు చేశారో, వేలంలో ఎంత పలుకుతుందో నాకే పాఠం చెప్పాడు. ఏడు వందల యాభై అన్నాడు. ఆ కవర్లోంచే తీసి ఇచ్చాను.